ఏడో పెట్టె

సాయంత్రం అయిదు లోపు జిప్పోరా చేయాల్సిన పనులు: నాంపల్లి సందులో, మురుగునీటి నాలా పక్క స్తంభానికున్న ఏడో పెట్టె దించాలి. దాని బ్యాటరీ ఎందుకంత తొందరగా అయిపోతోందో తేల్చాలి. గైడ్ వరప్రసాద్ సార్‌కి ఫోన్ చేయాలి. ఆబిడ్స్‌లో థీసిస్ ప్రింటుకిచ్చిన షాపు మూసేలోగా ఒక్క పేజీ మార్చాలి.

మొదటి పని దగ్గరే అడ్డం పడింది. నిచ్చెన మూడో మెట్టు మీద ఉండగా కింద నుంచి ఎవరో నిచ్చెన కాలు పట్టుకున్నారు.

“దిగు బిడ్డా. ఆ డబ్బ ముట్టకు.”

ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న శంకరమ్మ.

“ఇది నాదే అమ్మా, నా రీసెర్చ్‌ది. గీడ పేరు గూడ రాసున్నది, సూడు.”

“పేరు రాసుకుంటే అయిపాయెనా? పెట్టిపోయినంక ఒక్కసారన్న వచ్చినవా? దినాం దాన్ని సూస్కుంట నిలబడేది నేను.”

శంకరమ్మ అన్నది నిజమే. నాలాల్లో నీళ్లు ఎంత ఎత్తున్నాయో కొలిచి, తీగ లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి కబురు అందించే పెట్టెలు మొత్తం పన్నెండు. బ్యాటరీలు మార్చేది ల్యాబ్ అటెండర్ గట్టయ్య. జిప్పోరా చూసేది కంప్యూటర్లో వచ్చే అంకెలే.

ఒకసారి పెట్టిన బ్యాటరీతో మూడు నెలలు నడుస్తాయన్నది ఆమె థీసిస్. పదకొండు నడిచాయి. ఏడోది నెల తిరక్కుండానే ఆగిపోతోంది. “తప్పు ఆ ఒక్క పెట్టెదైతే ఫరవాలేదమ్మా,” అన్నారు పొద్దున సార్. “అన్నిటి డిజైన్‌లోనే ఉందంటే మాత్రం నీ ఆరేళ్ల పని వెనక్కి వచ్చేసినట్టే. రేపే ఆఖరి గడువు.”

“దించనమ్మా. గీడనే తీసి చూస్త,” అని ఒట్టేశాక గానీ శంకరమ్మ నిచ్చెన వదల్లేదు.

జిప్పోరా అద్దంలాంటి ప్లాస్టిక్ మూత విప్పింది. తేమ లేదు. తుప్పు లేదు. చీమలు కూడా లేవు. మరేమిటి? తల వంచి ఇంకా దగ్గరగా చూసింది. ఓ మూల చిన్న ఎర్రలైటు మినుక్కుమని ఆరిపోయింది. నిమిషం ఆగి మళ్లీ వెలిగింది.

టెస్టింగ్ లైటు! ప్రోగ్రాం రాసేటప్పుడు, పెట్టె పనిచేస్తోందో లేదో తెలియడానికి పెట్టుకునేది. కొలత తీసుకున్నప్పుడల్లా వెలుగుతుంది. స్తంభానికి బిగించేముందు దాన్ని ఆపేయాలి. పదకొండింట్లో ఆపింది. దీంట్లో మరిచిపోయింది. బ్యాటరీని తాగేస్తున్నది అదే.

ఇంతేనా అని ఆమెకు నవ్వొచ్చింది. పనిలో పనిగా, కింది నీళ్ల దాకా దూరం కొలిచే సెన్సర్ కూడా బాగుందో లేదో చూద్దామని దాని కింద అరచేయి అడ్డం పెట్టింది. పెట్టె లెక్కలో అది నీళ్లు అంత ఎత్తుకు వచ్చినట్టే. నిమిషానికోసారి కొలిచేది కాస్తా క్షణానికోసారి కొలవసాగింది. ఎర్రలైటు టకటకా కొట్టుకుంది.

కింద శంకరమ్మ చేతిలోని ఇస్త్రీపెట్టె ధనాలున పక్కన పెట్టింది.

“ఓ రాఘవేంద్రా! నీళ్లొస్తున్నయ్! పైకి రాండ్రి, జల్ది!”

ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా పక్క బిల్డింగు సెల్లార్ మెట్ల మీద దబదబా అడుగులు. బట్టల మూటలతో నలుగురు. కుట్టుమిషన్లు మోస్తూ ముగ్గురు. చంటిపిల్లను ఎత్తుకుని ఒకామె. చివరగా, నడవలేని తండ్రిని వీపున వేసుకుని రాఘవేంద్ర. జిప్పోరా అలవాటుగా వాచీ చూసుకుంది. నలభై సెకన్లు.

“ఏడున్నయ్ నీళ్లు?” రొప్పుతూ అడిగాడు రాఘవేంద్ర.

శంకరమ్మ తలెత్తి, సెన్సర్ కింద జిప్పోరా చేతిని చూసింది. “ఓసినీ! చెయ్యి తియ్యి! గిదేమన్న మజాకనుకుంటున్నవా?”

“ఎట్లాగూ పైకొస్తిమి గదా,” అన్నాడు కొడుకు వీపు మీద నుంచి ముసలాయన, “ఆ పిల్లతోని చాయన్న తాపియ్యుండ్రి.”

ఎవరూ పెద్దగా తిట్టలేదు. ఎవరి మూట వాళ్లు తీసుకుని మళ్లీ దిగిపోయారు. జిప్పోరా కూడా నిచ్చెన దిగింది.

“లైటును చూసి నీళ్ల సంగతి నీకెట్ల తెల్సిందమ్మా?”

“పోయిన వానకాలం కనిపెట్టిన. ఉత్తప్పుడు మెల్లగ కొడ్తది. నాలా పొంగేముందు గుండె లెక్క కొట్టుకుంటది. నేను కేకేస్త, ఈళ్లు పైకొస్తరు. మూడుసార్లయింది. లైటు ఆరిపోతే మీ గట్టయ్యకు ఫోన్ కొట్టేది గూడ నేనే.”

“మూడుసార్లూ మాకు అలర్ట్ వచ్చిందమ్మా.”

“ఏడికొచ్చింది?”

“ల్యాబ్‌ల కంప్యూటర్‌కు.”

“మరి నువ్వొచ్చినవా?”

జిప్పోరా ఫోన్ తీసి సార్‌కి కలిపింది.

“కారణం తెలిసిందా అమ్మా?”

“తెలిసింది సార్. టెస్టింగ్ లైటు ఆపలేదు.”

“హమ్మయ్య! దాన్ని ఆపేసి వచ్చెయ్. లోపం ఎక్కడుందో నాలుగు ముక్కలు రాసి ఆ పేజీలో పెట్టించు. నేను సంతకం చేసేస్తాను.”

మడతపెట్టిన చొక్కాలను పక్కకు జరిపి శంకరమ్మ బండి మీద చోటిచ్చింది. జిప్పోరా ల్యాప్‌టాప్ తెరిచింది. రాసింది. ఒకసారి చదువుకుంది. అటు సార్‌కీ ఇటు ప్రింటు షాపుకీ ఒకేసారి పంపేసింది.

“ఏడో పెట్టెలో లోపం లేదు. లోపం, లైటు ఆపేయడంతో పక్కనున్నవాళ్లకు కబురు అందించలేని మిగతా పదకొండు పెట్టెలది. దీన్ని కనిపెట్టినవారు: శంకరమ్మ, ఇస్త్రీ బండి, నాంపల్లి. చదివినవారు ఈ పేరు గుర్తుంచుకోవాలని మనవి.”