పార్లరక్క మొగుడి మొటిమలు

అందరి మొటిమలూ మాయం చేసే పార్లరక్క, సొంత మొగుడి ముఖాన మాత్రం రోజూ పొద్దున్నే మొటిమలు పెడుతోంది.

ఆయన అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. సరిగ్గా దాని మీదికే గురిపెట్టే కొత్త మాత్ర రాసిచ్చాడు డాక్టరు. "ముఖం మీద మొటిమల్లాంటివి రావచ్చు, కంగారు పడకండి. చాలామందిలో మందు పనిచేస్తోందనడానికి అది మంచి గుర్తు. రాకపోయినా పనిచేయొచ్చు" అన్నాడు.

ఆయన చెవికి 'మంచి గుర్తు' అన్న ముక్కే ఎక్కింది. రోజూ అద్దంలో వెతుక్కునేవాడు. ముఖం చూస్తే కడిగిన పళ్లెంలా ఉండేది.

"నాకీ మందు పట్టడం లేదే. ఇక మింగను" అని ఒకరోజు మాత్రల డబ్బా పక్కకు నెట్టేశాడు.

ఆమె ఏడిస్తే కరిగే రకం కాదాయన. మర్నాడు ఆయన్ని పడుకోబెట్టి, కళ్లు మూయించి, చర్మం పొడిబారకుండా క్రీము రాస్తూ రాస్తూ, లిప్‌స్టిక్‌తో బుగ్గల మీద నాలుగు మొటిమలు దిద్దింది.

ఆయన అద్దం చూసుకుని "వచ్చాయే!" అని కేకేశాడు. మాత్ర గుటుక్కున మింగాడు. అంతటితో ఆగాడా? "అబ్బ, ఒకటే దురద!" అన్నాడు. ఆమె నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ తర్వాత రోజూ అదే తంతు. సబ్బు తగలకూడదనీ, ముఖం తానే తుడవాలనీ ఆమె శాసనం చేసింది.

ఒకరోజు ఆడపడుచు వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఏం వదినా, దీపం కింద చీకటంటే ఇదే! నువ్వు అందరికీ మెరుగులు దిద్దుతావు, మా అన్నయ్యకేమో ఈ గతి. ఉండు, సబ్బేసి రుద్దేస్తా."

పార్లరక్క పై ప్రాణాలు పైనే పోయాయి.

"నా ముఖం ముట్టుకున్నావో, ఊరుకోను!" అని కయ్యిమన్నాడు ఆయన. గండం గడిచింది.

ఇవాళ పెళ్లికూతురు పొద్దున్నే పార్లర్‌కొచ్చి కూర్చోవడంతో పార్లరక్క హడావిడిగా బయల్దేరింది. సగం అలంకరణలో గుర్తొచ్చింది, ఆయనకు కుడి బుగ్గ ఒక్కటే దిద్దానని! ఎడమ బుగ్గ నున్నగా కనిపిస్తే గుట్టు రట్టే. మాత్ర మళ్లీ మూలకే. పెళ్లికూతుర్ని సగం ముఖంతో వదిలేసి, ఒగరుస్తూ ఇంటికొచ్చి పడింది.

బల్ల మీద మాత్ర మింగిన నీళ్ల గ్లాసు ఖాళీగా ఉంది. గది తలుపు ఓరగా తీసుంది. తొంగి చూసింది.

అద్దం ముందు నాలుక పంటికింద నొక్కిపెట్టి, ఆమె లిప్‌స్టిక్‌ను వేలికి రాసుకుని, ఆయన ఎడమ బుగ్గ మీద ఒక్కో మొటిమే శ్రద్ధగా పెట్టుకుంటున్నాడు.