రాఘవమ్మ తాలూకా

ఆ కుర్చీల్లో ఎలా కూర్చున్నా నడుం పట్టేస్తోంది. ఏసీ చూస్తే మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలా ఉంది. పేరయ్య మాస్టారు ఇవన్నీ ఓర్చుకున్నారు. ఓర్చుకోలేనిది ఒక్కటే, ఆ మైకు.

"రాఘవమ్మ తాలూకా ఎవరండీ?"

ప్రత్తిపాడు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మగవాళ్ల పేరుకు ముందు మిస్టర్ పెట్టకపోతే పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి. గుంటూరు ఆసుపత్రికొచ్చి పెళ్లాం తాలూకా అయిపోయారు.

కౌంటరు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"నాకో పేరుందమ్మా. మిస్టర్ పేరయ్య."

"పేషెంటు పేరుతోనే పిలుస్తామండి," అంది కౌంటర్లో ఉన్న షిరీన్. "ఇదిగో, ఈ మందులు తెచ్చివ్వండి."

గుండె ఆపరేషను. థియేటర్లోకి తీసుకెళ్లే ముందు రాఘవమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "ఇక్కడ కూడా పాఠం మొదలెట్టబాకండి. వాళ్లు ఎట్టా పిలిస్తే అట్టా పలకండి, నాకోసం."

అందుకని మందులు తెచ్చిచ్చి, పాఠం పక్క కుర్చీలో కూర్చున్న జహీరున్నీసాకి మొదలుపెట్టారు. ఆమె కొడుకు మాబు వారం నుంచి ఐసీయూలో ఉన్నాడు.

"చూశావామ్మా, మనిషికి పేరే లేనట్టు."

"ఎట్టా పిలిస్తే ఏముందిలే మాస్టారూ. నన్నూ మాబు తాలూకా అనే పిలుస్తన్నారు. నాకదే చాలు."

చదువు లేకపోతే ఇంతే అనుకున్నారు మాస్టారు. అంతలో మైకు మళ్లీ పలికింది.

"మిస్టర్ బుల్లయ్య గారు, దయచేసి లోపలికి రండి."

ఎదురు వరసలోంచి లుంగీ మనిషి ఒకడు లేచాడు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీ పని. గోళ్లలో తెలుపు ఇంకా పోలేదు. షిరీన్ తనే లేచొచ్చి, గ్లాసుతో మంచినీళ్లిచ్చి, అద్దాల తలుపు తెరిచి పట్టుకుంది. అతను లోపలికెళ్లాడు. టిఫిన్ క్యారేజీ కుర్చీలోనే ఉండిపోయింది. దానికోసం మళ్లీ రాలేదు.

మాస్టారికి ఒళ్లు మండింది. తిన్నగా కౌంటరు దగ్గరికి నడిచారు.

"పేషెంటు పేరే పిలుస్తామన్నావుగా. పొద్దుటిదాకా తాలూకా అని పిలిచిన అతను మిస్టరెట్టా అయ్యాడు?"

షిరీన్ తల వంచుకుంది. "అది వేరే సార్."

"ఏం వేరే? బట్టీ పనివాడికిచ్చిన మర్యాద మాస్టారికివ్వలేరా?"

"మీకొద్దు సార్ అది."

"నాకెందుకొద్దు?"

"కూర్చోండి సార్, ప్లీజ్."

కూర్చున్నారు. మేనేజ్‌మెంటుకి కంప్లయింటు రాయాలని తేల్చుకున్నారు. ఇంగ్లీషులోనే. 'రెస్పెక్టెడ్ సర్' అని మనసులో మొదలుపెట్టి, వీళ్లకి ఆ రెస్పెక్టెడ్ అవసరమా అని తర్జనభర్జన పడుతుండగా మైకు గరగరలాడింది.

"మిస్టర్ పేరయ్య గారు, దయచేసి లోపలికి రండి."

మాస్టారు వెంటనే లేవలేదు. హాల్లో అందరూ వినేలా రెండోసారి కూడా పిలిపించుకున్నారు. అప్పుడు లేచి, కాలరు సర్దుకున్నారు. షిరీన్ మంచినీళ్ల గ్లాసుతో ఎదురొచ్చింది.

"చూశావామ్మా, గట్టిగా అడిగితే గానీ మర్యాద రాదు," అన్నారు జహీరున్నీసాతో. "ముందు మా రాఘవమ్మకి చెప్పాలి ఈ సంగతి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఆసుపత్రిలో, పేషెంటు బతికున్నంతసేపే 'తాలూకా' అంటారు.