ఆవులకి వినబడే హారన్

పెద్ద హారన్ బిగించమని ఎవరైనా వస్తే వేణుగోపాల్‌ది ఆముదం తాగిన ముఖమే. సిర్గిట్టిలో అతని మెకానిక్ షాపు ముందు పొద్దస్తమానం లారీల మోత, వెనక గూడ్సు బళ్ళ కూత. ఇవి చాలవన్నట్టు మోటారు సైకిలుకి కూడా లారీ గొంతు కావాలనే వాళ్ళంటే అతనికి రోత. బిగించనని ముఖం మీదే చెప్పేస్తాడు.

ఆ సాయంత్రం వచ్చిన మనిషి కూడా అలాంటి హారనే సంచిలో పట్టుకొచ్చాడు. పేరు బంగార్రాజు. రైల్వే షెడ్డులో ఫిట్టరు, డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. హారన్ కొబ్బరికాయంత ఉంది.

ఇలాంటివి ఇక్కడ బిగించం, ఇంకెక్కడైనా చూసుకోండన్నాడు వేణుగోపాల్, తలెత్తకుండానే.

"ఏటి తమ్ముడూ, ఈ వయసులో నాకు షోకనుకున్నావా?" అన్నాడు బంగార్రాజు. "మోప్కా రోడ్డు మీద ఆవులు. ఎంతసేపు కొట్టినా ఒక్కటీ తలెత్తదు. ఈ చిన్న పీపీ వాటికి ఇనబడ్డం లేదు."

వేణుగోపాల్ చేతిలో స్పానర్ ఆగిపోయింది.

మోప్కా రోడ్డు. ఆవులు. ఆ రెండు మాటలు వింటే చాలు, అతనికి ఒళ్ళు మండిపోతుంది. వానలు మొదలైన రోజుల్లో, మసక చీకట్లో, ఆ రోడ్డుకి అడ్డంగా ఓ నల్లావు పడుకుని ఉంది. వెనక సీటు మీద భార్య మాధవీలత. ఆవుని తప్పించబోయి ఇద్దరూ పడ్డారు. అతనికి మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఆమెకి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఇప్పటికీ మంచం దిగాలంటే అతని భుజం కావాలి.

ఆ ఆవు చెవికి ఉండాల్సిన పసుపు బిళ్ళ లేదు. యజమాని పేరు బయటపడకుండా ఎవడో దాన్ని కత్తిరించేశాడు. పొద్దున్నే పాలు పిండుకుని, దమ్మిడీ ఖర్చు లేని మేత కోసం రోడ్డు మీదకి తోలేసే వెధవలు. పండగొస్తే మళ్ళీ అదే ఆవుకి బొట్టు పెట్టి దండం పెడతారు. ఛీ, వీళ్ళ బతుకు తగలెయ్య! చుట్టుపక్కల బస్తీలన్నీ తిరిగాడు వేణుగోపాల్. ఆ ఆవు నాది అన్నవాడు ఒక్కడు లేడు.

అతనికి పరిహారం అక్కర్లేదు. వాడెవడో దొరికితే, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, మాధవీలత మంచం పక్కన నిలబెట్టాలి. లేచేటప్పుడు ఆమె పెట్టే కేక వాడి చెవిన పడాలి. అంతే.

ఇదంతా బంగార్రాజుతో అనలేదు. ఆ సంగతి ఎత్తితే తన నోరు ఆగదని, పని ఆగిపోతుందని అతనికి తెలుసు. బండి లోపలికి తోసుకురమ్మని మాత్రం అన్నాడు.

హారన్ చేతిలోనే ఉంది, పెట్టే చోటే దొరకలేదు. హెడ్‌లైటు కింద పెడితే హ్యాండిల్ తిప్పినప్పుడు వైర్లు నలుగుతున్నాయి. సీటు కింద దూరిస్తే గొంతు పూడుకుపోయింది. క్రాష్ గార్డుకి కట్టేద్దామంటే బంగార్రాజు ఒప్పుకోలేదు. పక్కలు రెండూ ఖాళీగా ఉండాలట, సామాను వేలాడదీసుకోవాలట.

"ఎంత దూరం ఇనబడతాది తమ్ముడూ? రోడ్డు మీదున్నవే కాదు, పొలాల్లోకి దిగిపోయినవి కూడా ఇనాల."

ఇంత ముందుచూపున్న మనిషిని పొమ్మన్నందుకు వేణుగోపాల్ సిగ్గుపడ్డాడు. పొలంలోంచి ఎప్పుడు ఏది రోడ్డెక్కుతుందో ఎవడికి తెలుసు? ఆ రోజు తన బండికి ఇలాంటి హారన్ ఉండి ఉంటే ఏమయ్యేదో అనుకున్నాడు.

ఆఖరికి ఇంజన్ ముందున్న ఫ్రేము పైపుకి ఇనప పట్టీ వంచి బిగించాడు. వాన నీళ్ళు నిలవకుండా హారన్ నోరు కాస్త కిందికి వంచాడు. ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ని బలంగా కిందికి నొక్కి, చక్రం తగలడం లేదని చూసుకున్నాడు. ఇంత ఇష్టంగా ఈ మధ్య ఏ పనీ చెయ్యలేదు. బంగార్రాజు జేబులో చెయ్యి పెడితే వద్దన్నాడు.

"ఒక్కటే అడుగుతున్నా అన్నా. నన్ను కూడా తీసుకెళ్ళు. అవి లేవడం నా కళ్ళతో చూడాలి."

"దానికేటి, ఎక్కు."

మోప్కా రోడ్డు మీద ఎప్పటి భాగోతమే. రోడ్డు నిండా ఆవులు కాళ్ళు ముడుచుకుని నెమరేస్తున్నాయి. లారీలు మట్టిలోకి దిగి తప్పుకుంటున్నాయి. పేడ మీద పేడ, దాని మీద టైర్ల జాడలు. వాసనకి వేణుగోపాల్ ముక్కు మూసుకున్నాడు. మళ్ళీ ఎవడి పెళ్ళాం కాలు విరగాలో ఈ పూట అనుకున్నాడు.

బంగార్రాజు బండి దూరంగానే ఆపి మీట నొక్కాడు. రెండుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా.

ఆవుల చెవులు నిక్కాయి. ముందు ఒకటి లేచింది. వెంటనే ఇంకోటి. చూస్తుండగానే రోడ్డు మీదున్నవన్నీ లేచి నిలబడ్డాయి. వేణుగోపాల్‌కి ఇన్నాళ్ళకి గుండెలో చల్లగా అనిపించింది. ఇంటికెళ్ళగానే మాధవీలతకి చెప్పాలి, ఇక ఈ రోడ్డు మీద ఇంకో మనిషి పడకుండా తన చేత్తో ఓ పని చేశానని. ముందుకి పోనిమ్మని బంగార్రాజు భుజం తట్టాడు.

బంగార్రాజు ఇంజన్ ఆపేశాడు.

లేచిన ఆవులు ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చి బండి చుట్టూ మూగితే, బంగార్రాజు ఒక్కొక్కదాని మెడ నిమిరి పేరు పెట్టి పిలుస్తూ, "పదండే అమ్మా ఇంటికి, పాలు పితికే ఏళ దాటిపోతంది" అన్నాడు.