పదకొండు కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు

"టికెట్ మీద చూసుకో. ఈ విమానాశ్రయం నుంచి ఆ విమానాశ్రయానికి పదకొండు కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు. చెప్పాల్సిందేదో ఆలోపే చెప్పు. చక్రాలు నేలకి తగిలాక ఒక్క మాట వినను," అన్నాడు పెద్దాయన, బెల్టు బిగించుకుంటూ.

మిల్లులో ముప్ఫై ఏళ్ళు టైమ్‌కీపర్‌గా చేసిన మనిషి. అవతలి దీవిలో పెళ్ళివారు ఎదురుచూస్తున్నారు. విమానం దిగగానే తన కూతుర్ని వాళ్ళబ్బాయికిస్తానని మాటివ్వబోతున్నాడు. పక్క సీట్లో చెమటలు కక్కుతున్న పళ్ళ డాక్టరు ఆ కూతుర్ని ప్రేమించినవాడు. మంచివాడే. కాకపోతే టైమెంతని అడిగితే, ఆ వాచీ ఎవరు కొనిచ్చారో అక్కణ్ణుంచి మొదలుపెట్టే రకం.

"అమ్మాయినో మాట అడిగారా, మామయ్యగారూ?"

"ఇంకా మామయ్యని కాలేదు. అది పొద్దున్నే డ్యూటీకి పోయింది. సాయంత్రం చెబుతాలే. రెండు నిమిషాలు అయిపోయాయి."

"నేను పుట్టినప్పుడు మా నాన్న..."

"నీ పుట్టుక దాకా ఎందుకయ్యా?"

"అక్కణ్ణుంచి చెబితేగానీ నాకు రాదండీ."

డాక్టరు హైస్కూలుకి చేరేసరికి కిటికీలోంచి దీవి కనిపించింది. పెద్దాయన వాచీ చూసుకుని తృప్తిగా నవ్వుకున్నాడు. అంతలో విమానం ఓ పక్కకి ఒరిగి మళ్ళీ పైకి లేచింది.

"ఒక చుట్టు తిరగాలట. పైలెట్ చెప్పమన్నారు," అంది ఎయిర్ హోస్టెస్.

రెండో చుట్టుకి డాక్టరు కాలేజీలో చేరాడు. మూడో చుట్టుకి మొట్టమొదటి పన్ను పీకాడు. వెనక సీట్లవాళ్ళంతా చెవులు రిక్కించారు.

"ఎవరి పన్ను బాబూ?" అని ఒకావిడ ఉండబట్టలేక అడిగింది.

"వీళ్ళమ్మాయిదేనండీ."

విమానం మరోసారి ఒరిగింది. పెద్దాయన తనకి తెలియకుండానే డాక్టరు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పదకొండు కిలోమీటర్లకి ఇరవయ్యారు నిమిషాలా? అసలు విషయానికి రావయ్యా, నీకు పుణ్యముంటుంది."

"వచ్చేశానండీ. తనకి కోపమొస్తే తిండి మానేస్తుంది కదా. తను తినేదాకా నేనూ తినను. ఈ ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గాను. ఇంకెవరికైనా ఇస్తే, తను తినకముందే వాళ్ళు తినేస్తారేమోనని నా భయం."

పెద్దాయనకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. కూతురి కోపం ఆయనకి తెలియందా?

"ఈ ముక్క మొదటే చెప్పి చావొచ్చుగా! సరే, పిల్లని నీకే ఇస్తాను. వాళ్ళకేదో నేను సర్దిచెప్పుకుంటాలే."

విమానంలో అందరూ చప్పట్లు కొట్టారు. ఎయిర్ హోస్టెస్ గబగబా ముందుకి వెళ్ళింది. కాసేపటికి చక్రాలు నేలని తాకాయి.

"టైమంటే లెక్కలేని ఆ పైలెట్‌ని నాలుగు దులపాలి," అంటూ పెద్దాయన లేచేసరికి కాక్‌పిట్ తలుపు తెరుచుకుంది.

"ఎనిమిది నిమిషాల్లో ఈయన ఉపోద్ఘాతం కూడా దాటడు నాన్నా, అందుకే ఇవాళ ఈ డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాను," అంది పైలెట్, టోపీ తీస్తూ.