వదలొద్దన్న స్విచ్

ఆ ఆదివారం పొద్దుట్నుంచీ వెర్లిన్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఎలా నిలుస్తుంది? ఓ పాత ప్లాను ముందు పెట్టుకుని, నాలుగు చలికాలాలు బేస్‌మెంట్లో కూర్చుని, పుల్లా పుల్లా అతికించి కట్టిన రెండు వరసల రెక్కల బుల్లి విమానం క్లబ్బు మైదానంలో గడ్డిమీద మెరుస్తోంది.

బల్లమీద, దాన్ని నేలమీంచే నడిపే రెండు ట్రాన్స్‌మిటర్లు. ఒకటి వెర్లిన్‌ది, జపాన్‌లో చేసింది. రెండోది స్నేహితుడు రస్ తెచ్చిన కొత్త జర్మనీది. ఏది గొప్పదో ఇవాళ తేలిపోవాలి.

"నాది వేలికి వెన్నలా తగుల్తుందిరా," అన్నాడు వెర్లిన్.

"వెన్న రొట్టెకి రాసుకో. దీన్ని ఒక్కసారి పట్టుకున్నావంటే, నీదాన్ని టీవీ చానళ్లు మార్చడానికి వాడుకుంటావ్."

"చూద్దాం. ఎగిరాక మాట్లాడు."

విమానం వినేది జపాన్‌దాని మాటే. అందుకని రెంటినీ తీగతో కలిపారు. జపాన్‌దాని మీదున్న స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపూ పెత్తనం జర్మనీదానిది. వదిలితే మళ్లీ జపాన్‌దానిది.

"స్విచ్ ఎవరు పట్టుకుంటారు? నేను వీడియో తియ్యాలి," అన్నాడు రస్.

ఎవరో కొత్త ముసలాయన అక్కడే ఉన్నాడు. జనమంతా ట్రాన్స్‌మిటర్ల చుట్టూ మూగితే, ఆయన మాత్రం విమానం చుట్టూ తిరుగుతున్నాడు.

"పెద్దాయనా, ఇలా రండి. ఇదెప్పుడన్నా పట్టుకున్నారా?" జపాన్‌దాన్ని ఆయన చేతికిస్తూ అడిగాడు వెర్లిన్.

"ఈ రకంది లేదు బాబూ."

"పర్లేదు. ఈ స్విచ్ నొక్కి ఉంచండి చాలు. విమానాన్ని తిప్పే ఈ స్టిక్కుల జోలికి పోకండి. వదిలారో, నా నాలుగేళ్ల కష్టం నేలపాలే."

"అలాగే."

వెర్లిన్ జర్మనీదాన్ని అందుకున్నాడు. విమానం లేచింది. వెర్లిన్ మొహం చూడాలి అప్పుడు, పెళ్లికొడుకు కూడా అంత సంబరపడడు.

"ఒరే రస్, అనుకున్న చోటికి అనుకున్నట్టే పోతోందిరా ఇది."

మూడో చుట్టులో సూర్యుడికి అడ్డం పోయింది. వెర్లిన్ కళ్లు బైర్లు కమ్మాయి. మళ్లీ కనిపించేసరికి అది ముక్కు కిందికి పెట్టి నేలమీదికి దూసుకొస్తోంది.

వెర్లిన్ చేతులు కొయ్యబారిపోయాయి. అయిపోయిందనుకున్నాడు.

మొక్కజొన్న చేను ఇంకా మనిషెత్తు దూరం ఉందనగా, విమానం ముక్కెత్తింది. రెక్కలు సర్దుకుని, పెద్ద చుట్టు చుట్టి, బుద్ధిగా వాళ్ల ముందుకొచ్చింది. ఈలోపు వెర్లిన్ చేతుల్లోకి ప్రాణం వచ్చింది. మెల్లిగా దించాడు.

"దానంతటదే లేచిందిరా!" రస్ గంతులేస్తున్నాడు. "నీదైతే ఈపాటికి చేలో పుల్లలు ఏరుకుంటూ ఉండేవాడివి."

"ఒప్పుకున్నాన్రా నాయనా. ఇదే గొప్పది. ఇవాళే కొంటా." వెర్లిన్ అందరిముందూ ఆ జర్మనీదాన్ని ముద్దు పెట్టుకున్నాడు.

ముసలాయన తన చేతిలోదాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"విమానం బాగా కట్టారు," అన్నాడు.

వినే తీరిక ఎవరికుంది? వెర్లిన్ ఆయన చేతిలో ఓ డోనట్ పెట్టి, "థాంక్స్ పెద్దాయనా," అనేసి, రస్ తీసిన వీడియోలో తల దూర్చాడు.

ముసలాయన విజిటర్ల పుస్తకంలో ఏదో రాసి, తన వ్యానెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం గేటుకి తాళం వేయబోతూ, క్లబ్బు కార్యదర్శి మార్లిస్ ఆ పుస్తకం పట్టుకొచ్చింది.

"వెర్లిన్, ఇది నీకే రాసినట్టున్నాడు."

పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పక్క గడిలో, స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉన్న అక్షరాలు.

"స్విచ్ వదలొద్దన్నారు, వదిలాను; విమానాన్ని లేపి మళ్లీ నొక్కాను. మన్నించండి. అరవై తొమ్మిదిలో దీని ప్లాను గీసినప్పుడు తోక అర అంగుళం పొట్టి చేశాను; నా తప్పుకి మీ నాలుగేళ్లూ నేలపాలవుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."