ఎర్రబడిన పేర్లు

"మనుషుల పేర్లకి ఈ ఎరుపు పూసిన వెధవ ఎవడ్రా?"

కొరియాలోని పంగ్యోలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గుమ్మంలోనే ఫోన్ ఊపుతూ అరిచాడు ఒక ముసలాయన.

టీమ్ లీడర్ తేసోక్ విసుక్కుంటూ బయటికొచ్చాడు. ముసలాయన ఫోన్లో ఉన్నది ఒంటరిగా బతికేవాళ్ళ కోసం అతని బృందం చేసిన యాప్. పొద్దున ఫోన్ ముట్టుకోకపోతే ఆ మనిషి పేరు ఎర్రగా మారి, అయినవాళ్ళకీ, ఆ పేటలో బాగోగులు చూసే మనిషికీ కనిపిస్తుంది.

"ఎరుపంటే ప్రమాదం, తాతగారూ. డెన్మార్క్‌లో, కెనడాలో ఎవరూ కిక్కురుమనలేదే!"

"ఇది కొరియా రా! బతికున్నవాళ్ళ పేరు ఎర్రగా రాస్తారా? చచ్చినవాళ్ళలో కలిపేసినట్టు కాదూ? మా పేట ముసలాళ్ళు భయపడి యాప్ తీసేస్తున్నారు. మీ అమ్మ నీకు చెప్పలేదా?"

తేసోక్‌కి ఒళ్ళు మండింది. అమ్మ చిన్నప్పుడే పోయింది. చేపల మార్కెట్లో పనిచేసి అతన్ని పెంచింది అక్క మల్సుక్. అతనికున్నదల్లా ఆవిడే.

"దేశానికో రంగు మారుస్తూ కూర్చుంటే మా పని తెల్లారినట్టే. ఇక దయచేయండి!"

"నీ పేరే ఎర్రగా రాసి గోడకి అంటిస్తా. నిద్రెలా పడుతుందో చూస్తా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తేసోక్ మాత్రం నవ్వలేకపోయాడు.

గార్డు ముసలాయన్ని రెక్క పట్టుకుని గెంటేశాడు. అయినా తేసోక్ కసి తీరలేదు. గుమ్మం దగ్గర పుస్తకంలో ముసలాయన రాసిన పేరు కనుక్కుని, బాంగ్ చున్‌సిక్ అన్నవాణ్ణి యాప్‌లోంచే తీసిపారేశాడు. మిగతా వివరాలు చదివే ఓపిక కూడా లేకపోయింది.

ఇంచన్‌లో ఒంటరిగా ఉండే అక్క పేరు యాప్‌లో పొద్దున్నే ఎర్రబడటం మామూలే. ఆవిడది మొద్దు నిద్ర. కాసేపటికి మళ్ళీ నల్లగా మారిపోయేది. అందుకే తేసోక్ ఏనాడూ ఫోన్ చేసేవాడు కాదు.

ఆ తర్వాతి సోమవారమూ చేయలేదు. సాయంత్రమైనా పేరు నల్లబడకపోయేసరికి అక్క ఇంటికి పరుగెత్తాడు.

మల్సుక్ స్నానాల గదిలో పడి ఉంది. పొద్దున్నే తెచ్చుంటే దక్కేదన్నాడు డాక్టరు.

ఆసుపత్రి గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు తేసోక్.

అక్క పక్కింటావిడ అతని భుజం పట్టుకుంది. "మీ అక్క ఎప్పుడు లేవకపోయినా ఆయనొచ్చి తలుపు బాదేవాడు నాయనా. 'ఇంకా చావలేదు, పోవయ్యా' అని ఆవిడ తిట్టి, ఫోన్ అందుకునేది."

"ఎవరు?"

"మా పేటని చూసుకునే బాంగ్ తాత. ఎందుకో, ఈమధ్య ఆయన ఫోన్‌కి కబురు రావడం ఆగిపోయిందట."