ఆరో ఎత్తు

“ఈ ఓపెనింగ్ మీకొద్దు సార్. శానా పదునుంటాది. ఒక్క ఎత్తు మరిచినా రాజు దొరికిపోతాడు. సులువుది నేర్పిస్తా, వారంలో వచ్చేస్తాది.”

“నాకిదే కావాలమ్మా,” అన్నాడు దానియేలు.

భార్య పోయినప్పటి నుంచీ ఆయన రోజూ కడపలో రమణి నడిపే చెస్ క్లాసుకు వస్తున్నాడు. రోజూ ఆరో ఎత్తు దగ్గరే మరిచిపోతాడు.

రమణి విసుగ్గా మళ్లీ పావులు పేర్చింది. ఆడుతుండగా ఫోన్ మోగింది. అటు చూస్తూనే గుర్రాన్ని జరిపింది.

“అది కాదమ్మా! ఆరో ఎత్తు ఒంటెది. గుర్రం కదిలిస్తే మంత్రి పోతాది,” అనేసి దానియేలు నాలిక్కరుచుకున్నాడు.

రమణి ఫోన్ ఆపేసింది. ఆయన తలెత్తలేదు.

ఆమె పావులన్నీ మెల్లగా మొదటి గళ్లలోకి సర్దింది.

“ఇది తొందరగా వచ్చే ఆట కాదు సార్. రేపు కూడా రాండి.”